ఇవతలి గట్టు చేప

ఆదివారం భోజనాలయ్యాక చేపను ల్యాబ్‌కు చేర్చాలని కోడలు అనుకుంది. ఆమె పని నీటి పరీక్షల ల్యాబ్‌లో. అక్కడి ఫ్రిజ్ పాడవడంతో, ఫ్యాక్టరీల వెనక చెరువులో పట్టిన ఆ చేపను ముందురోజు ఫాయిల్‌లో చుట్టి ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో అడుగు అరలో పెట్టింది. ఫాయిల్ మీద అంకె తప్ప ఏ చెరువుదో రాయకూడదని వాళ్ళ పద్ధతి. ఇంట్లోనూ చెప్పలేదు. చెబితే అత్తగారు ఫ్రిజ్‌నే వీధిలో పెట్టిస్తారు.

ప్రతి ఆదివారంలాగే మామగారు చేప ముక్కలు కోసిచ్చారు, అత్తగారు కూర వండారు. అందరూ మారు వడ్డించుకున్నారు. చెయ్యి కడుక్కుని కోడలు ఫ్రిజ్ తెరిస్తే అడుగు అర ఖాళీ. చెత్తబుట్టలో ఫాయిల్, దానిమీద అంకె. మామగారు ఈసారి బజారుకు వెళ్ళలేదన్నమాట.

ఆమె విషయం చెప్పగానే ఇల్లు చల్లబడిపోయింది. కిటికీ తెర కదలడం మానేసింది. వంటింట్లో కుళాయి చుక్కలు మాత్రం వినబడుతున్నాయి. భర్తకు నాలుక మొద్దుబారింది. అత్తగారికి గోడమీది క్యాలెండర్ రెండుగా కనబడింది. వేళ్ళు నీలంగా మారుతున్నాయని ఆవిడ చెయ్యి చాచారు. నీలం ఎవరికీ కనబడలేదు, కాదనే ధైర్యమూ ఎవరికీ లేదు.

"ఆ చేప ఎలా ఉండేదే?" భర్త గొంతు తగ్గించి అడిగాడు.

"కళ్ళు పాలరంగులో ఉన్నాయి. తెరిచే ఉన్నాయి."

"చచ్చాక కూడానా?"

"చేపలకు రెప్పలుండవండీ."

ఆ మాట ఎవరికీ ఊరటనివ్వలేదు.

కోడలు ల్యాబ్‌లో తన అధికారికి ఫోన్ చేసింది. నమూనా పోగొట్టినందుకు ఆయన ముందు చీవాట్లు పెట్టారు. తర్వాత, ఒక్క పూట తింటే ఏమీ కాదని, ఆ విషం ఒంట్లో కొంచెం కొంచెంగా పేరుకుంటుందని, వారం వారం తినేవాళ్ళే భయపడాలని చెప్పారు. భర్త నాలుక తిరిగొచ్చింది. క్యాలెండర్లు ఒక్కటయ్యాయి.

అప్పుడు మామగారు కునుకు తీసి లేచి వచ్చారు. సంగతంతా విని నవ్వారు.

"మీరు తిన్నది అది కాదమ్మా. కంపు కొడుతుంటే పొద్దున్నే బయట పారేశాను. ఇది నేను పట్టిందే."

"పట్టారా? బజారులో కొనలేదా మామయ్యా?"

"రిటైరయ్యాక కొన్నదెప్పుడు? ఆ ఫ్యాక్టరీల చెరువులోనే పట్టుకొస్తున్నా. కంగారు పడకండి, మురికి కాలువ కలిసేది అవతలి గట్టున. నేను గాలం వేసేది ఇవతల."

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈసారి ఎవరి నాలుకా మొద్దుబారలేదు. అదే ఎక్కువ భయంగా ఉంది.

మర్నాడు నలుగురికీ రక్తం తీయించాక అధికారి కోపం పూర్తిగా పోయింది. చేపకంటే మంచి నమూనాలు దొరికాయన్నారు.