ఈరన్న చేనులో ఎర్ర పూసలు

రాత్రి మంచి వాన పడింది. నేల పదును ఆరకముందే వేరుశనగ విత్తేయాలని ఈరన్న పదింటికి ట్రాక్టర్ మాట్లాడుకుని, పొద్దున్నే చేనుకు వెళ్లాడు. రెండేళ్లుగా ఎదురుచూసిన పదును అది. తీరా చూస్తే చేను మధ్యలో కళ్లద్దాల అమ్మాయి ఒకతె కూర్చుని, చుట్టూ దారాలు కడుతోంది.

"ఎవరమ్మా నువ్వు? నా చేన్లో ఏం చేస్తాండావు?"

ఆమె అనంతపురం కాలేజీలో చరిత్ర చెప్పే ఆశ్రిత. వానకు బయటపడ్డ ఎర్ర పూసలను అరచేతిలో చూపించింది. "ఈ రాయి ఇక్కడిది కాదండీ, రెండు వేల ఏళ్ల కిందట గుజరాత్ నుంచి వచ్చింది. ఇంత గట్టి రాయికి ఎంత సన్నని బెజ్జం తొలిచారో చూడండి! పెద్దాఫీసర్లు వచ్చి చూసేదాకా ఇక్కడ దున్నకూడదు."

"ఎప్పుడొస్తారు?"

"నెలలోపు వచ్చేస్తారు."

"నెలదాకా ఈ పదును ఉంటాదా మేడమ్?" ఈరన్నకు కడుపు మండిపోయింది.

పక్కనే ఉన్న తన చేను విత్తుకోవడానికి వచ్చిన బాలప్ప గట్టు అవతల నుంచి చెవి పెట్టాడు. రాయి, గుజరాత్, ఆఫీసర్లు అన్న మాటలు విన్నాడు. వాన పడితే ఆ వైపు జనం వజ్రాల కోసం చేలు గాలించడం మామూలే. వజ్రాలు కొనే సేట్లు గుజరాత్ వాళ్లేనని బాలప్ప నమ్మకం. వెంటనే ఉరవకొండలో ఉన్న బావమరిదికి ఫోన్ కొట్టాడు.

అరగంటలో నాలుగు ఆటోలు దిగాయి. తర్వాత ట్రాక్టర్లు, వాటి వెనకే బజ్జీల బండి. ఆశ్రిత పోలీసులకు ఫోన్ చేద్దామంటే, తన ఫోన్‌కు సిగ్నల్ లేక గుట్టెక్కింది.

"వజ్రాలు లేవప్పా! వట్టి పూసలు!" అని ఈరన్న మొత్తుకున్నాడు.

"దొరికినోడు అట్లే అంటాడులే," అంటూ ఇంకో పదిమంది పారలతో దిగారు. ఈరన్న భార్య తిప్పమ్మ సద్ది తెస్తే, వజ్రం అందులో దాచిందేమోనని ఆ మూట కూడా విప్పించారు.

"సంగటిలో ఏం వజ్రాలుంటాయి రా, మీ మొగాలకి!" అని ఆమె శాపనార్థాలు పెట్టింది.

చేనంతా తిరగేశారు. చేతికొచ్చిన రాళ్లూ పూసలూ గట్టు అవతలికి విసిరేశారు. పదిన్నరకు ఏమీ దొరక్క, ఈరన్ననే తిట్టుకుంటూ వెళ్లిపోయారు.

సిగ్నల్ దొరక్కుండానే గుట్ట దిగివచ్చిన ఆశ్రిత కళ్లలో నీళ్లు తిరిగాయి. "అంతా తారుమారైంది. ఏ పూస ఎంత లోతున ఉండేదో ఇక ఎవరికీ తెలియదు. మీరు దున్నుకోండి."

ఈరన్నకు ఆ పిల్లను చూస్తే పాపం అనిపించింది. అయినా ట్రాక్టర్‌ను చేనులోకి రమ్మని చెయ్యూపాడు.

ఆశ్రిత గట్టు అవతల బాలప్ప చేనులోకి చూసి, కళ్లు తుడుచుకుని దారాలు తీసుకుంది. "పూసలన్నీ ఇటే ఉన్నాయి! ఏరేదాకా ఈ చేనులో నాగలి పెట్టకండి," అంది బాలప్పతో.

సాయంత్రం దాకా బాలప్ప గట్టు మీద నిలబడి, తన చేనుకు చరిత్ర ఏమీ లేదని దారినపోయే ప్రతివాళ్లకూ చెబుతూనే ఉన్నాడు.