మామగారి గుండె అదురు

ఆ ఉదయం ఇంట్లో అనుకున్నది ఒక్కటే. మామగారి ఛాతీకి పట్టీ అంటించాలి, సాయంత్రానికి సంగతి తేల్చుకోవాలి. కోడలికి బ్యాంకులో ప్రమోషన్ వచ్చింది. ఒప్పుకుంటే తెల్లారకముందే ఊరి అవతల ఉన్న శాఖకు బయలుదేరాలి. కొడుకుది ఊళ్లు తిరిగే ఉద్యోగం. ఇక మనవరాలిని లేపి, జడ వేసి, అన్నం డబ్బా సర్ది బడిలో దింపాల్సింది మామగారే. అందుకు ఆయన గుండె తట్టుకుంటుందో లేదో తెలిస్తే, కోడలు తన ఆఫీసరుకు ఔనో కాదో చెప్పేస్తుంది.

తట్టుకోకేం, ఆయన గుండె గుండ్రాయి. ఎప్పుడో ఒకసారి గ్యాసు పట్టేసి ఛాతీ పట్టుకుని కూలబడితే ఇల్లంతా హడలిపోయింది. అప్పుడు మంచం దగ్గరికే కాఫీ వచ్చింది, పేపరు వచ్చింది, కాళ్ల కింద దిండు కూడా వచ్చింది. ఆ సుఖం మరిగిన మామగారు మళ్లీ కోలుకోలేదు. కూరల సంచి కనబడితే ఆయాసం, మనవరాలి లెక్కల పుస్తకం కనబడితే దడ. అపార్టుమెంటులో ఆయనను అందరూ గుండె మావయ్యగారు అనేవారు.

ఆసుపత్రి నుంచి నర్సు వచ్చి బొత్తామంత పట్టీని ఆయన ఛాతీకి అంటించింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఛాతీ సన్నగా అదురుతుందట. ఆ అదురును ఇది పసిగట్టి, ఆయన ఫోను ద్వారా ఎప్పటికప్పుడు ఆసుపత్రికి పంపిస్తుందట.

"మీరేం చెప్పక్కర్లేదు తాతగారూ. అంతా అదే చెప్పేస్తుంది," అంది నర్సు.

మామగారికి చెమటలు పట్టాయి. కొడుకు నమ్మాడు, కోడలు నమ్మింది, డాక్టరు కూడా మొహమాటానికి తల పంకించాడు. ఈ బొత్తానికి మొహమాటం ఎక్కడిది?

కోడలు బట్టలు మిషన్‌లో వేసి, మనవరాలిని తీసుకుని వెళ్లిపోయింది. కాసేపటికి స్నానాలగది పక్కన మిషన్ దడదడమని అదరడం మొదలుపెట్టింది. మామగారు దాన్ని చూశారు. వీళ్లకు కావాల్సింది అదురే కదా అనుకున్నారు. పట్టీ ఊడదీసి మిషన్ మూతకు అంటించి, పక్కనే ఫోను పెట్టారు. డాక్టరు కాస్త మొహం చిట్లించి, పెద్దాయనకు విశ్రాంతి కావాలని అంటే చాలు, అంతకు మించి ఆయనకు ఏ దురాశా లేదు. గిన్నెడు వేయించిన పల్లీలు ముందు పెట్టుకుని, రేడియో పెట్టుకుని, కుర్చీలోనే నిద్రపోయారు.

ఈలోగా మిషన్ బట్టలు పిండడం మొదలుపెట్టింది. ఆసుపత్రిలో గగ్గోలు పుట్టింది. మామగారికి ఫోన్ చేస్తే ఆ ఫోను మిషన్ మీద తనూ అదురుతూ కూర్చుంది. దాంతో కోడలికి చేశారు. మీ మామగారి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో లెక్కకు అందడం లేదని వాళ్లు చెబుతుండగానే, ఇక్కడ బట్టలు పిండడం పూర్తయింది. మిషన్ ఆగింది.

"ఆగిపోయిందమ్మా," అంది అవతలి గొంతు.

కోడలు అప్పుడు ఆఫీసరు ఎదుటే ఉంది. ప్రమోషన్ వద్దు సార్ అని ఒక్క మాట అనేసి పరుగెత్తింది. దారిలో పక్కింటాయనకు ఫోన్ చేసి, కాస్త చూడమంది. ఆయన తలుపు బాదాడు. రేడియో మోతకు, గురకకు మధ్య మామగారికి అది వినబడలేదు. పక్కింటాయన ఇలాంటి సమయాల్లో ముందుండే మనిషి. వెంటనే అందరికీ కబురు చెప్పి, అపార్టుమెంటు ముందు కుర్చీలు వేయించడం మొదలుపెట్టాడు.

కుర్చీల చప్పుడుకు మామగారికి మెలకువ వచ్చింది. పల్లీల గిన్నెతోనే బాల్కనీలోకి వచ్చారు. కింద జనం తలలు వంచుకుని నిలబడ్డారు.

"ఎవరండీ పోయింది?" అని అడిగారు.

పక్కింటాయన తలెత్తాడు. చేతిలోని కుర్చీ జారిపోయింది. "మీరేనండీ," అన్నాడు.

అంబులెన్సు, అందులో నర్సు, వెనకే కోడలు వచ్చారు. మామగారు తలుపు తీస్తే, జనమంతా వాళ్ల వెంట హాల్లోకి వచ్చేశారు. కోడలి ఒక కాలికి చెప్పు లేదు. మామగారి చెయ్యి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నర్సు తన ఫోను చూస్తే గుండె ఇంకా ఆగే ఉంది. మనిషిని చూస్తే పల్లీలు నములుతున్నాడు. చొక్కా తీయించి, పట్టీ ఏదని అడిగింది. మామగారు ఏమీ ఎరగనట్టు గిన్నెలో పల్లీలు ఏరుకోసాగారు. కళ్లు మాత్రం ఆయన మాట వినకుండా మిషన్ వైపు వెళ్లాయి. కోడలు లోపలికి వెళ్లి పట్టీతో తిరిగి వచ్చింది.

నర్సు దాన్ని అందరి ఎదుటా మళ్లీ అంటించింది. ఆమె ఫోనులో గుండె గీత చక్కగా, నింపాదిగా నడిచింది. ఈ వయసులో ఇంత మంచి గుండె తాను చూడలేదని నర్సు చెప్పింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మామగారికి తల కొట్టేసినట్టయింది.

కోడలు కళ్లు తుడుచుకుంది. "గుండె బాగుంది కదా మావయ్యా, నాకదే చాలు," అంది.

నాలుగు తిట్టినా బాగుండేది. ఆయన నేల చూస్తూ, ప్రమోషన్ సంగతి ఏమైందని నెమ్మదిగా అడిగారు. వద్దని చెప్పేసి వచ్చానంది కోడలు. మామగారికి ప్రాణం చచ్చిపోయింది. ఆమె ఫోను అడిగి తీసుకుని, ఆఫీసరుకు కలపమన్నారు. జనం కదల్లేదు.

"అయ్యా, నేను ఆ అమ్మాయి మామగారిని. పోలేదు. నా గుండె బాగుంది, ఇన్నాళ్లూ బాగానే ఉంది. నేనే బాగాలేదని చెప్పుకుంటూ వచ్చాను. పట్టీని బట్టల మిషన్‌కి అంటించింది కూడా నేనే. పిల్లని బడికి నేను దింపుతాను. దయచేసి తన ప్రమోషన్ తనకిచ్చేయండి."

అవతల చాలాసేపు దగ్గు వినబడింది. నవ్వు ఆపుకునేవాళ్లు అలాగే దగ్గుతారు. చివరికి ఆఫీసరు, సోమవారం నుంచి కొత్త శాఖకు వెళ్లమనండి అన్నాడు.

ఇప్పుడు మామగారు వంకర జడ వేసిన మనవరాలితో రోజూ బడికి నడుస్తున్నారు. మొన్న పక్కింటాయన దారిలో ఆపి, గుండె ఎలా ఉందండీ అని పలకరించాడు.

"బాగానే ఉందండీ," అన్నారు మామగారు. "అందరికీ తెలిసిపోయాక ఇంకేం చేస్తుంది."