పిన్ని ముందుపన్నూ, నాణ్యతా విభాగమూ

మానవజాతి ప్రగతిని కొలవడానికి పెద్దలు రకరకాల కొలమానాలు చెబుతారు గానీ, నన్నడిగితే ఒక్కటి చాలు: ఒక పన్ను పన్నే అని ఒప్పుకోవడానికి ఎన్ని సంతకాలు కావాలి? ఆటవిక యుగంలో ఒక్కటీ అక్కర్లేదు. నోట్లో ఉంటే పన్ను, నేల మీద పడితే రాయి. మా ల్యాబులో ఇప్పుడు పదకొండు కావాలి. దీన్నిబట్టి మనం ఎంత దూరం వచ్చామో పాఠకులే ఊహించుకోగలరు.

మాది పళ్ల ల్యాబు. డాక్టర్లు నోటిని స్కాన్ చేసి పంపుతారు. కంప్యూటరు మీద పంటి బొమ్మ తయారవుతుంది. మెషీను ఒక తెల్లటి జిర్కోనియా పింగాణీ బిళ్లలోంచి ఆ బొమ్మ ప్రకారం పంటికి తొడిగే క్యాప్ చెక్కుతుంది, ఫర్నేసు దాన్ని కాలుస్తుంది, చివర్న నేను సన్న కుంచెతో రంగులద్ది మెరుపు పెడతాను. చెక్కే మెషీను దగ్గర ఉండే ఆయన్ని అందరం దుమ్ము బాబాయ్ అంటాం. (పొద్దున్న నల్లజుట్టుతో వస్తాడు, సాయంత్రం తెల్లజుట్టుతో వెళ్తాడు. ఇంట్లోవాళ్లకి అలవాటైపోయింది.)

ఇక్కడో చిన్న సంగతి చెప్పాలి. చెక్కినప్పుడు ఆ క్యాప్ సుద్దముక్కలా మెత్తగా ఉంటుంది. ఫర్నేసులో ఎనిమిది గంటలు కాలితే రాయిలా గట్టిపడుతుంది, గట్టిపడుతూ ఐదో వంతు కుంచించుకుపోతుంది. అందుకే కంప్యూటరు ముందే పావు వంతు పెంచి చెక్కిస్తుంది. పది మిల్లీమీటర్ల పన్ను కావాలంటే పన్నెండున్నర చెక్కాలి. ఇందులో రహస్యమేం లేదు. ఉతికితే పొట్టవుతుందని పిల్లాడికి ఒక సైజు పెద్ద చొక్కా కుట్టించే ప్రతి తల్లికీ తెలిసిన శాస్త్రమే. తెలియనిదల్లా నాణ్యతా విభాగానికి.

నాణ్యతా విభాగాన్ని మా ఓనరుగారు కిందటి నెలలో స్థాపించారు. విభాగమంటే ఒక కుర్చీ, ఒక కొలత పరికరం, ఒక యాప్, ఒక అధికారి. అధికారిగారు అంతకుముందు సిమెంటు గొట్టాల కంపెనీలో పదిహేడేళ్లు పనిచేశారు. ఆయన పరిశీలించిన గొట్టాల్లో ఒక్కటి కూడా పొద్దుటికీ సాయంత్రానికీ మధ్య పొట్టిది కాలేదట. ఆ అనుభవసారాన్నంతా పిండి మొదటి నియమంగా గోడకి అంటించారు: 'ప్రతి వస్తువూ తయారీలోని అన్ని దశలలోనూ ఒకే కొలత కలిగి ఉండవలెను.' దాని కిందే రెండోది: 'పంటిపై మరకలు ఉండరాదు.' (నా ఉద్యోగమే పంటి మీద మరకలు వేయడం. నిజం పన్ను చిగురు దగ్గర కాస్త పచ్చగా, అంచున కాస్త నీలంగా ఉంటుంది. ఆ రెండూ లేకపోతే నోట్లో బాత్రూం టైలు పెట్టుకున్నట్టుంటుంది. ఈ మాట విన్నవించుకుంటే, యాప్‌లో 'మరక కాని మరక' అని నాకోసం ప్రత్యేకంగా ఒక గడి పెట్టించారు. ఆయన నిర్దయుడేం కాదు.)

ఇలా మా పరిశ్రమ పురోగమిస్తుండగా, ఒక మంగళవారం మా పిన్ని ముందుపన్ను విరిగింది. హాజరు పట్టీలో సంతకం పెడదామని పెన్ను మూతని పంటితో లాగింది. మూత రాలేదు, పన్నొచ్చింది. పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు. పిన్ని విషయంలో అది హాజరు పట్టీ.

పిన్ని బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదకొస్తుందో చెబుతుంది. ఇరవై రెండేళ్లుగా తాత్కాలిక ఉద్యోగి. సరిగ్గా ఆ వారమే బస్టాండు వాళ్లు దానంతటదే మాట్లాడే మెషీను ఒకటి తెప్పించారు. మేనేజరు పిన్నిని పిలిచి, సోమవారం పదింటికి పరీక్ష పెడతామని, స్పష్టంగా పలికితే సీటు ఆవిడదని, లేకపోతే మెషీనుదని చెప్పాడు. మరి నా సంగతేంటి అని అడిగితే, మీకు ఇల్లుంది కదమ్మా అన్నాడట.

బుధవారం డాక్టరమ్మ విరిగిన పంటిని అరగదీసి, స్కాన్ చేసి, రంగు చూడమని పిన్నిని నా దగ్గరికి పంపింది. కిటికీ పక్కన కూర్చోబెట్టి రకరకాల ఛాయల నమూనా పళ్లున్న పట్టీని నోటి దగ్గర పెట్టాను.

"నవ్వావంటే చంపుతాను," అంది పిన్ని. 'చ' ఉండాల్సిన చోట ఈల వచ్చింది.

"నవ్వట్లేదు పిన్నీ. నోరు తెరువు."

"ఆ మెషీను గొంతు విన్నావురా? జ్వరమొచ్చిన మనిషి మూలిగినట్టుంటుంది. ఇరవై రెండేళ్లలో నా మూలంగా ఒక్కడికి బస్సు తప్పలేదు. ఒక్క పన్ను పోతే మనిషినే తీసేస్తారా?"

అని పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్నప్పుడు అమ్మ పనికి వెళ్తే నన్ను ఆ మైకు గదిలోనే కూర్చోబెట్టుకుని పెంచింది పిన్ని. నేను నేర్చుకున్న మొదటి అంకెలు ప్లాట్‌ఫారం నంబర్లే.

"ఆదివారానికి పన్ను తయారు. నాదీ పూచీ," అన్నాను. నాణ్యతా విభాగం ఉన్న సంగతి ఆ క్షణంలో గుర్తు లేదు.

గురువారం పొద్దున్న దుమ్ము బాబాయ్ పిన్ని క్యాప్ చెక్కి, దులిపి, ట్రేలో పెట్టాడు. అధికారిగారు కొలిచారు. యాప్ ఎర్రబడింది.

"బొమ్మలో పది ఉంది. ఇది పన్నెండున్నర ఉందేం?"

"కాలిస్తే తగ్గుతుంది సార్," అన్నాడు బాబాయ్.

"ఎంత?"

"ఐదో వంతు."

"ఆ ఐదో వంతు ఎక్కడికి పోతుంది?"

"ఎక్కడికీ పోదు సార్. దగ్గరపడుతుంది."

"దేనికి?"

"దానికదే."

అధికారిగారు ఈ జవాబుని యథాతథంగా రాసుకుని తన గదిలోకి వెళ్లారు. గంట తర్వాత లెక్క తేల్చి బయటికొచ్చారు. ల్యాబు పెట్టిన నాటినుంచి తొమ్మిది వేల పళ్లు కాల్చాం. ఒక్కోదానిలో ఐదో వంతు మాయమైంది. వెరసి పద్దెనిమిది వందల పళ్లు. అంటే యాభై ఆరుగురికి నోటినిండా సరిపోగా ఇంకా ఎనిమిది మిగులుతాయి. అవి ఎవరి నోట్లో ఉన్నట్టు?

ఈ ప్రశ్నకి మాలో ఎవరమూ తృప్తికరమైన సమాధానం ఇవ్వలేకపోయాం. కాబట్టి ఆ మధ్యాహ్నం నుంచి గేటు దగ్గర నోటి తనిఖీ మొదలైంది. లోపలికి వచ్చేటప్పుడు ఎన్ని పళ్లు, బయటికి వెళ్లేటప్పుడు ఎన్ని పళ్లు, వాచ్‌మన్ టార్చిలైటు వేసి రాసుకునేవాడు. మొదటి రోజే దుమ్ము బాబాయ్ ఇరవై తొమ్మిది పళ్లతో లోపలికొచ్చి ముప్పైతో బయటికి వెళ్తున్నట్టు బయటపడింది. సంజాయిషీ రాసిచ్చాడు. (కారణం అన్నచోట 'ఇంటికెళ్తున్న ఆనందం' అని రాశాడు. ఆమోదించారు.)

పిన్ని క్యాప్‌ని మాత్రం నియమం ప్రకారం సుత్తితో కొట్టేశారు. కొట్టేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. పిండయింది. నిజం చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది. కుంచె కడుక్కునే నెపంతో బయటికి వెళ్లాను.

ఇకమీదట కంప్యూటరు ఏ పంటినీ పెంచి చెక్కకూడదని అధికారిగారు ఆ సదుపాయాన్ని ఆపించి, పాస్‌వర్డు తన దగ్గరే పెట్టుకున్నారు. కాల్చాక తేడా వస్తుంది కదా సార్ అంటే, దానికీ పరిష్కారం ఆలోచించే ఉంచారు. కాల్చాక కొలవడం రద్దు చేశారు. తేడా ఎప్పుడైనా కొలిస్తేనే వస్తుంది. ఇది గొట్టాల దగ్గర రుజువైన సత్యమట.

ఆ విధంగా శుక్రవారం పిన్ని క్యాప్ సరిగ్గా పది మిల్లీమీటర్లు చెక్కబడి, పదకొండు సంతకాల పచ్చ గుర్తులూ, ఒక సర్టిఫికెట్టూ పొంది, ఫర్నేసులోకి వెళ్లి, ఎనిమిదై బయటికొచ్చింది. పాలపన్నులా ముద్దుగా ఉంది. దాన్ని పట్టుకుని ఏం చేయాలో తెలియక నిలబడి ఉండగానే, సర్టిఫికెట్ ఉంది కాబట్టి ఆపడానికి వీల్లేదని డాక్టరమ్మకి పంపించేశారు. గంటలో ఫోనొచ్చింది.

"ఎవరి పాపాయికండీ ఇది? మీ పిన్నిగారికి ఎక్కించబోతే చిటికెనవేలి ఉంగరం బొటనవేలికి పెట్టినట్టు పైనే ఆగిపోయింది."

నేను అధికారిగారికి విన్నవించాను. ఆయన సర్టిఫికెట్‌ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"పన్ను సరిగ్గానే ఉందయ్యా. ఆవిణ్ణే ఇంకాస్త అరగదీయమను."

చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే కష్టమే గానీ, శంఖం కూడా సరైన కొలతలో ఉండాలనేవాడి ముందు ఊదడం మరీ కష్టం. సోమవారానికి ఇంక రెండు రోజులే ఉన్నాయి. పిన్ని ఇంట్లో అద్దం ముందు కూర్చుని 'ప్లాట్‌ఫారం, ప్లాట్‌ఫారం' అని సాధన చేస్తోందని, 'ఫ' దగ్గర గాలి పోతోందని అమ్మ ఫోన్ చేసి చెప్పింది.

శనివారం దుమ్ము బాబాయ్ నా భుజం మీద చెయ్యేసి (ఇప్పటికీ ఆ చొక్కా మీద అయిదు వేళ్లూ ఉన్నాయి) ఒక ఉపాయం చెప్పాడు. "మనం పెంచకూడదన్నాడు గానీ, పన్నే పెద్దదైతే ఒద్దనలేదుగా. బొమ్మనే పన్నెండున్నరకి గీసేద్దాం. చెక్కినా పన్నెండున్నరే. ఆయనకి రెండూ సరిపోతాయి, కాల్చాక మనకి సరిపోతుంది."

గీశాం. యాప్‌లో ఎక్కించాం. 'మనిషి ముందుపన్ను పన్నెండు మిల్లీమీటర్లు మించరాదు' అని వచ్చింది. కింద 'జీవి రకం మార్చెదరా?' అని ఒక గడి. ఈ యాప్‌ని ఓనరుగారు పశువుల ఆసుపత్రి వాళ్లతో కలిసి కొన్నారు. గడి నొక్కితే మూడు పేర్లు కనిపించాయి: మనిషి, కుక్క, గుర్రం.

"మీ పిన్ని ఏమీ అనుకోదు కదా?" అన్నాడు బాబాయ్.

"కుక్కైతే అనుకుంటుంది," అన్నాను.

గుర్రం నొక్కాం. యాప్ వివరాలు అడిగింది. యజమాని అన్నచోట నా పేరు రాశాను. వయసు నాలుగేళ్లు. చేసే పని అన్నచోట అబద్ధం రాయడానికి మనసొప్పక 'బస్టాండులో' అని రాశాను. క్యాప్ చెక్కాక అధికారిగారు కొలిచారు. బొమ్మలో పన్నెండున్నర, చేతిలో పన్నెండున్నర. ఆయన మొహం మొదటిసారి విప్పారింది. అంతలోనే అనుమానమొచ్చింది.

"గుర్రానికి ఇది చిన్నది కాదూ?"

"పిల్ల గుర్రం సార్," అన్నాడు బాబాయ్.

"పాపం. ఎలా విరిగింది?"

"పెన్ను మూత కొరికింది సార్," అన్నాను. నోరు జారింది.

"జంతువుల దగ్గర పెన్నులు పెట్టకూడదయ్యా," అని మందలించి పచ్చ గుర్తు నొక్కారు.

ఫర్నేసు నుంచి సరిగ్గా పది మిల్లీమీటర్లు బయటికొచ్చింది. ఆదివారం పొద్దున్న కిటికీ వెలుతురులో కూర్చుని దానికి రంగు వేశాను. చిగురు దగ్గర పసుపు, అంచున నీలం, పక్క పంటి మీద ఇరవై రెండేళ్ల టీ పెట్టిన ఛాయకి జతగా ఒక సన్నటి గోధుమరంగు గీత. మెరుపు పూసి ఇంకోసారి చిన్న ఫర్నేసులో పెట్టి తీశాను. నా చేత్తో ఇన్నేళ్లలో అంత మంచి పన్ను చేయలేదని నిస్సంకోచంగా చెప్పగలను. సోమవారం ఎనిమిదింటికి డాక్టరమ్మ దాన్ని అతికించింది. పిన్ని 'ప్లాట్‌ఫారం' అని ఒకసారి అని చూసుకుని, డాక్టరమ్మని కౌగిలించుకుంది.

పదింటికి పరీక్ష. నేను బెంచీ మీద కూర్చుని విన్నాను. పిన్ని గొంతు గంటలా మోగింది. అయిదో ప్లాట్‌ఫారం బస్సు అయిదు మీదకే వచ్చింది. మెషీను కూడా చెప్పింది. దాని మాట విని అయిదుగురు మరుగుదొడ్డి వైపు వెళ్లారు.

మేనేజరు తలూపి, నోట్లో మరమ్మతు జరిగింది కనుక సర్టిఫికెట్ చూపించమన్నాడు. పిన్ని ఇచ్చింది. ఆయన ఫోనుతో దాని మీది గళ్ల ముద్రని స్కాన్ చేశాడు. చాలాసేపు ఫోను వంక, తర్వాత పిన్ని వంక, మళ్లీ ఫోను వంక చూశాడు. అప్పటికే ఆ వివరాలు బస్టాండు కంప్యూటరులో పిన్ని పేరు కింద ఎక్కిపోయాయి: జీవి, గుర్రం.

నేను జరిగిందంతా చెప్పి, పొరపాటైంది, మన్నించమన్నాను. ఆయన వినలేదు. నియమావళి తీసి నలభై నిమిషాలు చదివాడు. గుర్రాలని ప్లాట్‌ఫారం మీద కట్టేయకూడదని ఉంది. మైకు ముందు కూర్చోకూడదని ఎక్కడా లేదు. తాత్కాలిక ఉద్యోగి తీసివేత ఫారం తీశాడు. అందులో మొదటి గడి 'స్త్రీ / పురుషుడు'. రెంటిలో ఏదీ టిక్కు పెట్టలేకపోయాడు.

"మనిషైతే ఒక్క పేజీలో తీసేయొచ్చు," అన్నాడు చివరికి, పుస్తకం మూసి. "గుర్రాన్ని తీసేయడానికి మా దగ్గర ఫారం లేదు. ఉండనివ్వండి."

మెషీనుని అట్టపెట్టెలో పెట్టేశారు.

సాయంత్రం ఇంటికెళ్లి పిన్నికి చెప్పాను, జీవి రకం సవరణకి యాప్‌లో దరఖాస్తు ఉందని, రెండు నిమిషాల్లో మళ్లీ మనిషిని చేసేస్తానని. పిన్ని నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"ఆ పని మాత్రం చెయ్యకురా. మనిషినని తెలిస్తే రేపే తీసేస్తారు."