రఘునాథన్‌గారి గోరింట కంచె

మానవజాతికి దొరికిన వరాలన్నిటిలోకీ గొప్పది ప్రైవసీ! అది ఇటుకలతో రాదు, మొక్కలతోనే వస్తుంది. నమ్మరా? అయితే ముత్తియాల్‌పేటలో రఘునాథన్‌గారిని చూసి రండి. చూడటం కుదరదనుకోండి, ఆయన కంచె వెనకాల ఉన్నారు!

2005లో ఆయన రిటైరయ్యారు. అదే నెలలో డాక్టరు షుగరని తేల్చి జాంగ్రీ మానేయమన్నాడు. జాంగ్రీ లేని బతుకూ ఒక బతుకేనా? రోజూ నాలుగింటికి పెరట్లో స్టూలు వేసుకుని, గుట్టుగా పొట్లం విప్పేవారు. ఆరింటికల్లా భార్య మహాలక్ష్మి చేతిలో చీవాట్లు తినేవారు. ఎవరు మోస్తున్నారు ఈ వార్తలు? ఇంకెవరు, నడుమెత్తు గోడకవతల బట్టలారేసే పక్కింటి పొన్నమ్మాళ్!

అందుకే కంచె. కిరుమాంబాక్కం దారిలో నర్సరీ నడిపే ఆదికేశవన్ వెదురు చూపించాడు. పాములొస్తే? కాగితంపూలన్నాడు. పంచె చిరిగితే? మందారం వేస్తే పూజకు పూలంటూ వీధి వీధంతా తెల్లారకముందే లోపలికొస్తుంది, కాదంటే పాపం. కరివేపాకు వేస్తే ఇక గేటెందుకు? క్రోటన్లు బాగానే ఉన్నాయి గాని, పూజకూ వంటకూ పనికిరానిదాన్ని నాటడానికి తరతరాల రైతు రక్తం ఒప్పుకోలేదు.

చివరికి దారి చూపిందెవరనుకున్నారు? పొన్నమ్మాళే!

"గోరింట పెట్టు రఘూ. కత్తిరించేకొద్దీ దట్టంగా వస్తాది. కొమ్మలు నేనిస్తా."

ఇవ్వడమే కాదు, తన వైపు నుంచి రోజూ నీళ్లు కూడా పోసింది. ఎక్కడైనా శత్రువే కోట కట్టిస్తుందా? ఇంత అమాయకురాలిని మోసం చేస్తున్నానే అని రఘునాథన్‌గారు ఒక పూట నిజంగానే బాధపడ్డారు.

రెండేళ్లకు కంచె ఆరడుగులు పెరిగింది. ఆ రోజు నాలుగింటికి ఆయన మహారాజులా కూర్చుని పొట్లం విప్పారు. అవతల కూడా ఏదో పొట్లం విప్పిన చప్పుడు! ఆకులు తప్పించి చూస్తే పొన్నమ్మాళ్, నోటినిండా జాంగ్రీ.

"ఏంది అక్కా ఇది! నీకూ సక్కర జబ్బుందే!"

"మెల్లగా, మా కోడలు సుగంధి ఇంటాది! నీకు కనపడకుండా తినాలనే గదా కొమ్మలిచ్చింది. నువ్వు యాడ సుగంధితో చెప్తావో అని."

"అయితే మా ఇంట్లో చెప్పింది నువ్వు కాదా?"

"నేనెందుకు చెప్తా? మీ వంటింటి కిటికీ నీ ఈపుకి నేరుగానే ఉండాది గదా!"

ఇన్నాళ్లూ శత్రువు మీద కన్నేసి కూర్చున్నారేగాని, రఘునాథన్‌గారు ఒక్కసారైనా వెనక్కి చూసుకోలేదు. ఇప్పుడు చూశారు. కిటికీలో మహాలక్ష్మి, చేతిలో గరిటె.

కాబట్టి పాఠకులారా, కంచె తప్పక వేయండి! ఒక్క చిన్న సవరణ. పక్కింటి వైపు కాదు, సొంత వంటింటి కిటికీ ముందు వేయండి. అక్కడ ఏ మొక్క వేయాలో మాత్రం ఇంటావిణ్ణి అడిగి తెలుసుకోవాలి, పెరటి మొక్కలకు నీళ్లు పోసేది ఆవిడే కదా!