చప్పుడు చేయని కండలు

నెమ్మది కసరత్తు అనే మహత్తర శాస్త్రం పళ్ళు పీకే గది పైకప్పు మీద పుట్టిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

పై అంతస్తులో వస్తాదుగారి వ్యాయామశాల. కింద పళ్ళ డాక్టరు. భవనమూ ఆయనదే. పైన ఎవరైనా బరువెత్తి ధభీమని వదిలితే కింద డాక్టరు చెయ్యి అదిరి, పుచ్చిన పన్నుకు బదులు పక్కనున్న అమాయకపు పన్ను ఊడి వచ్చేది. ఓ రోజు అలాంటి పన్ను ఇంకా పటకారులో ఉండగానే డాక్టరు మెట్లెక్కి వచ్చాడు.

“ఇంకొక్క చప్పుడు వినబడిందో, నీ ఇనప సామానంతా వీధిలో ఉంటుంది వస్తాదూ!”

వస్తాదు తన ఇనప సామానంతా ఓసారి కలయజూశాడు. అంత ఇనుముకు చోటిచ్చే మారాజు ఇంకెక్కడ దొరుకుతాడు? మర్నాడు శిష్యుల్ని నిలబెట్టి, “బరువును నిద్రపోతున్న పసిపాపను ఎత్తినట్టు ఎత్తండి. అంతకన్నా మెల్లగా దించండి,” అన్నాడు.

“ఎందుకట?” అన్నాడు శిష్యుల్లో పెద్దవాడైన బట్టలకొట్టు బాబాయి.

ఇంటాయన తిట్టాడని చెప్పుకోవడం నామోషీ కదా. “గబుక్కున ఎత్తితే కండకు తెలీదు బాబాయ్. మెల్లగా ఎత్తితే దానికి బుద్ధొస్తుంది.”

ఈ మాట ఎవరికీ అర్థం కాలేదు గనుక అందరూ నమ్మారు.

ఆపైన శాస్త్రం పరుగులు తీసింది. మెల్లగా ఎత్తేవాడు సాధకుడు. ఎత్తుతున్నాడో లేదో తెలియనివాడు సిద్ధుడు. బట్టలకొట్టు బాబాయి బరువు ఒళ్ళో పెట్టుకుని కునుకు తీస్తే, ఆ కదలిక మామూలు కంటికి అందదని అందరూ లేచి చప్పట్లు కొట్టారు, చప్పుడు రాకుండా.

చిక్కు అక్కడే వచ్చింది. ఇన్నాళ్ళూ ఆ ధబధబల్లో కలిసిపోయిన రోగుల కేకలు ఇప్పుడు వీధి చివరిదాకా వినబడసాగాయి. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు చెంపలు పట్టుకుని పారిపోయారు.

డాక్టరు మళ్ళీ మెట్లెక్కాడు. “చప్పుడు చేస్తావా, ఖాళీ చేస్తావా?”

వస్తాదుకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. చప్పుడు చేస్తే శిష్యులు పోతారు, చేయకపోతే చోటు పోతుంది. డాక్టరును మూలకు తీసుకెళ్ళి చెవిలో ఊదాడు: “మీరూ మెల్లగా పీకండి సార్.”

మర్నాడే కింద బోర్డు వెలిసింది: ‘ఇచ్చట పళ్ళు నెమ్మది పద్ధతిలో పీకబడును.’

కేకలు రెట్టింపయ్యాయి. వరుసా రెట్టింపయింది. లోపల ఎవరైనా కెవ్వుమంటే బయటివాళ్ళు, “చూశారా, ఎంత శ్రద్ధగా పీకుతున్నారో!” అని మురిసిపోతున్నారు. ఏ నొప్పీ లేనివాళ్ళు కూడా వస్తున్నారు.

పాఠకులు తోసుకోవద్దని మనవి. మీ పన్ను వంతూ వస్తుంది, నెమ్మదిగా.