ఒడిలో బియ్యం, నెత్తిమీద టాపు

విద్యాసాగర్ సారు కొన్న కారు భార్య కళావతి నడుము ఎత్తు కూడా లేదు. జనగామలో కాలేజీ పిల్లలకు ఫిజిక్సు చెప్పుకునే మనిషి, యాభై రెండో ఏట హైదరాబాద్ స్నేహితుడి దగ్గర పాత స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చాడు. రెండే సీట్లు, ఎర్ర రంగు. వాడకట్టు వాళ్లు దానికి మిరపకాయ అని పేరు పెట్టేశారు.

టాపు మడిస్తే ఎక్కడం దిగడం సుళువేనట. ఆ మడిచే యంత్రం కారు వచ్చిన మూడో రోజే బిగుసుకుపోయింది. అప్పటినుంచి టాపు నెత్తిమీదే ఉంది.

మొదటిసారి కళావతి తల ముందు పెట్టి ఎక్కబోయింది. తల లోపలికి వెళ్లింది. మిగతా కళావతి బయటే నిలబడి ఆలోచనలో పడింది.

"గట్ల కాదు కళా. ముందు కూసో, ఎన్క తల వంచు, ఆఖరికి కాళ్లు గుంజుకో."

"గీ మూడు పనులు ఒక్క మనిషే చెయ్యాల్నా?"

"గాలి తగలకుంట డిజైన్ చేసిన్రు దీన్ని."

"గాలే కాదు, మనిషి గూడ తగలకుంట చేసిన్రు."

ఇంటికి వచ్చాక సారు ఎప్పుడూ "నువ్వు లోపలికి నడువు, నేను కారు సక్కగ పెట్టొస్త" అనేవాడు. అరగంటకు వచ్చేవాడు. కారంటే అంత ప్రేమ కాబోలని కళావతికి ఒళ్లు మండేది. ఎట్లాగైనా దాన్ని అమ్మించాలి.

అప్పుడే పుట్టిల్లు దంతాలపల్లి నుంచి తమ్ముడు ఎల్లేశ్ ఫోన్ చేశాడు. ఆదివారం ఆమెకు ఒడిబియ్యం, అంటే ఆడబిడ్డ ఒడిలో పుట్టింటి బియ్యం, పోస్తారట. కళావతి బుర్రలో లైటు వెలిగింది. అయిదు సేర్ల బియ్యం ఒడిలో కట్టుకుని ఆ కారులోంచి దిగడం దేవుడి వల్ల కూడా కాదు. తాను వాకిట్లో ఇరుక్కుపోవాలి, వాడకట్టంతా చూడాలి, సారు సిగ్గుపడి కారు అమ్మేయాలి. ఇరుక్కోవడానికి ఆమెకు సాధన కూడా అక్కర్లేదు. ఆ విద్య ఒంట్లోనే ఉంది.

"ఆదివారం మిరపకాయలనే పోదాం," అంది.

సారు పేపరు దించాడు. "జరం గిట్ల వచ్చిందా?"

"పందెం. ఒడిబియ్యంతోని మన వాకిట్ల నా అంతట నేను దిగితె, ఇగ కారు పేరెత్తను. దిగకపోతె మీరు అమ్మాలె."

"మరి గింజ రాలితె?"

"నా ఒడిల బియ్యం రాలుడేంది?" అంది రోషంగా.

సారు చిన్నగా నవ్వాడు. పాతికేళ్ల కాపురం తర్వాత కూడా ఆ నవ్వును అమాయకత్వం అనుకోవడం కళావతి ప్రత్యేకత.

ఆదివారం దంతాలపల్లిలో తల్లి లక్ష్మీనర్సమ్మ పసుపు బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు ఒడి నిండా పోసి, నడుముకు తువ్వాల బిగించి కట్టింది.

"బిడ్డా, మన ఆనవాయితీ ఎరుకే గద. దీపం పెట్టే యాళ్లకు నీ ఇంట్ల దేవుని ముంగటనే విప్పాలె. నడుమ ఒక్క గింజ రాలినా మంచిది గాదు."

మరదలు శ్వేత, ఇంకో ముగ్గురు ఆడవాళ్లు కలిసి కళావతిని పెట్టెలో పరుపు సర్దినట్టు కారులో సర్దారు.

"వదినె, ఇంకొంచెం వంగు."

"వంగేటియన్ని అయిపోయినయి శ్వేతా. ఇగ విరిగేటియే మిగిలినయి."

తొర్రూరు, పాలకుర్తి దాటి జనగామ చేరేదాకా ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ఆమె తల టాపుకు తగిలింది. రెండు చేతులూ ఒడినే పట్టుకున్నాయి. తల సంగతి తలే చూసుకుంది.

వాకిట్లో కారు ఆగేసరికి పొద్దు వాలుతోంది. పక్కింటి దర్జీ రాజయ్యతో సహా పదిమంది చేరారు. కళావతి సీటుకు ఆనుకుని, ఇన్నాళ్లూ దాచుకున్న మాట బయటపెట్టింది.

"నాతోని కాదు. అమ్ముండ్రి."

"అమ్ముదాం," అన్నాడు సారు చల్లగా, స్టీరింగు ముందు నుంచి కదలకుండా. "రాజయ్యా, నువ్వు అటుదిక్కు నుంచి ఆమె రెక్క పట్టి గుంజు. నేను ఇటునుంచి నూకుత."

"గుంజుత గని సారూ, ఒడిబియ్యం రాలయా?"

"రాలుతయి. ఏం జేస్తం?"

కళావతి ఒడిని రెండు చేతులా అదుముకుంది. గుంజితే గింజలు రాలతాయి. గుంజకపోతే దీపం వేళ దాటిపోతుంది. రెండూ కాకపోవాలంటే తనే దిగాలి. దిగితే పందెం పాయె. పందెం నాటి సారు నవ్వుకు అర్థం ఇప్పుడు తెలిసింది.

రాజయ్య చెయ్యి చాచాడు. "ముట్టకు!" అని అరిచింది.

ఒకప్పుడు ఒడిలో నిద్రపోయిన పిల్లను లేపకుండా నేలమీది నుంచి లేచిన సంగతి గుర్తొచ్చింది. పక్కకు తిరిగి రెండు పాదాలూ కలిపి నేల మీద పెట్టింది. ఎడమ చేయి ఒడి కింద, కుడి చేయి డోరు మీద. పిల్ల నెత్తి వాసన చూస్తున్నట్టు తల ఒడిలోకి వంచి, మెల్లగా లేచింది. టాపు వేలెడు దూరంలో తప్పింది. ఒక్క గింజ రాలలేదు.

జనం చప్పట్లు కొట్టారు. ఫెయిలవుదామని వెళ్లిన పరీక్షలో ఫస్టు క్లాసు వచ్చిన మొహంతో కళావతి లోపలికి నడిచింది.

దేవుడి ముందు ఒడి విప్పి దీపం పెట్టగానే తల్లి ఫోన్.

"ఒక్క గింజ రాలలేదా? అట్లయితె అది కారు గాదు బిడ్డా, లచ్చిమి. అమ్మకుండ్రి. మల్ల ఒడిబియ్యానికి దాంట్లనే రావాలె."

"సరే అవ్వా," అంది కళావతి, పసుపు చేత్తో నుదురు పట్టుకుని.

బయటికి వస్తే సారు ఇంకా కారులోనే ఉన్నాడు.

"దిగలేదేంది?"

"జనం పోయిన్రా?" లోగొంతుతో అడిగాడు. "పోయిన్రంటె జర చెయ్యియ్యి. రోజు అరగంట పడుతున్నది."

కళావతి అటు వెళ్లి డోరు తెరిచింది. కారు పేరెత్తనని ఒట్టు కాబట్టి ఎత్తలేదు.

"ఒడిల పిల్ల పండుకున్నదనుకొని లేవుండ్రి," అంది.

"అనుకునుడెందుకు?" అని సారు తన పొట్ట నిమురుకున్నాడు.

ఇప్పుడు రోజూ సాయంత్రం మిరపకాయ వాకిట్లో ఆగగానే, దాన్ని అమ్మించాలనుకున్న మనిషే డోరు పట్టుకుని నిలబడుతుంది.

"మెల్లగ... మెల్లగ... పిల్ల లేస్తది."