లేజరు దువ్వెన

ఆ ఉదయం సుకుమార్ వేసుకున్న పథకం చాలా సులువైనది. పెందలాడే కాలేజీకి చేరాలి, ల్యాబులో ఏసీ వేయాలి, పదకొండింటికి వచ్చే ఎక్స్‌పర్టుకు దువ్వెన చూపించాలి. ఆయన బాగుందంటే ల్యాబు నిలుస్తుంది. లేదంటే ఆ గదిలో విరిగిన బెంచీలు వేయిస్తానని ప్రిన్సిపాల్ కామాక్షి మేడం ముందే చెప్పేసింది.

దువ్వెనంటే తల దువ్వుకునేది కాదు. నెల్లూరులో ఫిజిక్స్ పాఠాలు చెప్పే సుకుమార్ దగ్గర బియ్యపుగింజంత సెమీకండక్టర్ లేజరు ఒకటుంది. మామూలుగా దాన్నుంచి ఒకే రంగు కాంతి వస్తుంది. దానికిచ్చే కరెంటును సెకనుకు కొన్ని వందల కోట్ల సార్లు పెంచుతూ తగ్గిస్తూ ఉంటే, ఆ ఒక్క కాంతీ సమానమైన ఎడంతో సన్నసన్నటి గీతలుగా విడిపోతుంది. తెరమీద అవి అచ్చం దువ్వెన పళ్ళలా నిలబడతాయి. వాటిని స్కేలు మీది గీతల్లా వాడుకుని గాలిలో ఏ వాయువు ఎంతుందో కొలవవచ్చు.

ఈ నాలుగు మాటలూ కొడవలూరులో తన మామగారికి చెప్పి ఉంటే గొడవే లేకపోయేది. పోయిన నెల భోజనాల దగ్గర ఆయన అడగనే అడిగాడు.

"ఆ గదిలో ఏం చేస్తుండావు అల్లుడూ?"

"లేజరుతో దువ్వెన చేస్తుండాను మామా."

"ఎవురికి పనికొస్తుంది?"

"అందరికీ పనికొస్తుంది," అని సుకుమార్ చేపల పులుసు కలుపుకున్నాడు. వరి పండించే మనిషికి ఇంతకంటే ఎక్కువ చెప్పినా ఏం తలకెక్కుతుందిలే అనుకున్నాడు.

ఆ మామగారు హజరత్తయ్య తల మాత్రం నున్నగా అద్దంలా ఉంటుంది. లేజరుతో జుట్టు మొలిపిస్తామనే బోర్డులు ఆయన నెల్లూరు బజారులో చాలానే చూశాడు. లేజరు, దువ్వెన, అందరికీ పనికొస్తుంది. మూడూ కలుపుకుని, మర్నాటికల్లా ఊరంతా చెప్పేశాడు.

ఇక ఆ రోజు సుకుమార్ వెళ్ళేసరికి ల్యాబులో ఏసీ ఉడుకు గాలి కొడుతోంది. గది వేడెక్కితే లేజరు రంగు జరిగిపోతుంది, దువ్వెన నిలవదు. సుకుమార్ మెకానిక్‌కు ఫోన్ చేసి, సమాధానం అనే అటెండరును పిలిచాడు.

"ఏసీ అతను వస్తే నేరుగా లోపలికి పంపించు. ఎవరినీ అడగబాకు."

కాసేపటికి సమాధానం పరిగెత్తుకుంటూ వచ్చాడు. "సార్, తెల్ల పంచెలు కట్టుకుని ముగ్గురు పెద్దోళ్ళు వచ్చినారు. దువ్వెన చూడాలంట."

ఎక్స్‌పర్టులే వచ్చేశారనుకున్నాడు సుకుమార్. ఒక్కరన్నది ముగ్గురయ్యారు, అదీ ఇంత పొద్దున్నే! "మేడం గదిలో కూర్చోబెట్టు. కొబ్బరినీళ్ళియ్యి. శాలువాలు కప్పమని చెప్పు. ఎంతసేపు ఆపగలిగితే అంతసేపు ఆపు."

ఆ ముగ్గురూ హజరత్తయ్య, ఆయన స్నేహితులు పెంచల్, దావీదు. ముగ్గురివీ ఒకే రకం తలలు. సుకుమార్ పెళ్ళి తిరుమల కొండమీద జరగడంతో స్నేహితులిద్దరూ అల్లుణ్ణి ఎన్నడూ చూడలేదు. భుజాలమీద శాలువాలు పడగానే హజరత్తయ్య, "చూసినారా, మా అల్లుడి పరపతి!" అన్నట్టు వాళ్ళవైపు చూశాడు.

ఇంతలో చేతిసంచీతో ఒక బక్కపలచని మనిషి చెమటలు కక్కుతూ ల్యాబులోకి వచ్చాడు. "సుకుమార్ గారంటే..."

"నేనేనయ్యా. ఇప్పుడా రావడం? ఎక్కు, ఆ స్టూలెక్కు. బయట పెద్దోళ్ళు కాచుకోనుండారు."

ఆ మనిషి ఏదో చెప్పబోయి, ఏసీ వైపు చూసి, సంచీ కిందపెట్టి స్టూలెక్కాడు.

ఆయన ఏసీ మూత తీసేలోగా తలుపు తెరుచుకుంది. ముందు కామాక్షి మేడం, వెనక మూడు శాలువాలు. మేడం ముఖంలో అనుమానం కనిపిస్తోంది.

"మాస్టారూ, ఎన్ని రోజులకు మొలుస్తాయని అడుగుతున్నారు వీళ్ళు. ఏం మొలవాలి?"

"వెంట్రుకలమ్మా," అన్నాడు పెంచల్ వినయంగా.

"కొంచెం ముందరివైపు మొలిచినా చాలు," అన్నాడు దావీదు.

మేడం సుకుమార్ వైపు తిరిగింది. "ఎవరండీ వీళ్ళు? మీకు తెలుసా?"

సుకుమార్ మామగారి కళ్ళలోకి చూశాడు. అవి సంతోషంతో మెరుస్తున్నాయి. "తెలీదు మేడం. ఇదే చూడటం," అన్నాడు.

"అల్లు..." అని అప్పటికే నోరు తెరిచిన హజరత్తయ్య ఒక్క క్షణం ఆగాడు. "...అల్లూరు పోవాలమ్మా మేము. దోవ తప్పి వచ్చినాము." శాలువా తీసి, మడతపెట్టి, బల్లమీద పెట్టాడు. స్నేహితులను వెంటబెట్టుకుని బయటికి నడిచాడు. గుమ్మం దగ్గర ఒక్కసారి ఆగి లేజరు బల్లను తేరిపార చూసి మరీ వెళ్ళాడు.

"మరి ఎక్స్‌పర్టు ఎక్కడ?" అంది మేడం.

"ఇక్కడుండాను," అన్నాడు స్టూలు మీది మనిషి. "నరేంద్రబాబు అంటారు. ఫిల్టరులో దుమ్ము పట్టింది, దులిపినాను. ఇంక చల్లబడుతుంది."

ఆయన చేతులు కడుక్కోవడానికి సుకుమారే నీళ్ళు పోశాడు. గది చల్లబడింది, లేజరు కుదురుకుంది, తెరమీద దువ్వెన పళ్ళు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. నరేంద్రబాబు వంగి చాలాసేపు చూశాడు.

"బ్రహ్మాండంగా ఉందయ్యా. మేడం, ఈ గది జోలికి పోబాకండి." తర్వాత గొంతు తగ్గించి, "ఆ ముందరున్న పెద్దాయన ఎవరు? జుట్టు కోసం వచ్చినోడు మిషన్‌ని అట్టా చూడడే! కన్నబిడ్డకు పందెం గెలిచిపెట్టిన ఎద్దును చూసినట్టు చూసినాడు," అన్నాడు.

సుకుమార్‌కు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన మెప్పు చెవిన పడినా లోపలికి దిగలేదు. ఆయనకు దండం పెట్టి, బస్టాపుకు పరిగెత్తాడు.

ముగ్గురూ షెల్టరు నీడలో కూర్చుని ఉన్నారు. సుకుమార్ రొప్పుతూ హజరత్తయ్య ముందు నిలబడ్డాడు. "మామా, తప్పయిపోయింది. నన్ను..."

హజరత్తయ్య అతణ్ణి పైనుంచి కిందిదాకా చూశాడు. "ఎవురు సార్ మీరు? మనిషిని చూసి మాట్లాడండి."

"అదేంది హజరత్తన్నా, మామా అంటుండాడే?" అన్నాడు పెంచల్.

"కాలేజీ సారులే. మా అల్లుడితో పనిచేస్తాడేమో, వరస కలుపుతుండాడు." ఆయన లేచి సుకుమార్ మోచెయ్యి పట్టుకుని పక్కకు లాక్కుపోయాడు. గొంతు చెవిలో గుసగుసగా మారింది. "అరవబాకు అల్లుడూ. మా అల్లుడు ఇయ్యాళ సెలవని వీళ్ళకి చెప్పినా. ఆ దువ్వెనతో వెంట్రుక్కూడా మొలవదని వీళ్ళకి తెలిసిపాయె. అది చేసినోడు నువ్వేనని తెలిస్తే ఊళ్ళో నేను తలెత్తుకోగలనా?"

"నామీద కోపం లేదా మామా?"

"ఎందుకు లేదు? కడుపునిండా ఉంది. నీకు నేను నామోషీ, నాకు నువ్వు నామోషీ. ఇంటికి పో, మళ్ళా మాట్లాడుకుందాము."

సుకుమార్ ఇల్లు చేరేసరికి భార్య సాయిలక్ష్మి ఫోనులో ఒక చెవిన తండ్రి చెప్పినదీ, ఇంకో చెవిన కామాక్షి మేడం చెప్పినదీ విని ఉంది.

ఆ మర్నాడు పక్కింటావిడ మొగుడి గురించీ నాన్న గురించీ అడిగితే, వాళ్ళిద్దరూ ఎవరో తనకు తెలియదంది.